కోడి తల ఎవరి వైపు

క్వున్ టోంగ్ కార్మిక కార్యాలయంలో మాక్ అక్కా నేనూ పక్కపక్కన కూర్చుంటాం. పనివాడికీ యజమానికీ తగువొస్తే, ట్రిబ్యునల్ దాకా పోకముందే రాజీ కుదర్చడం మా ఉద్యోగం. నాకు ఓపిక తక్కువ. గొంతులు లేచాయంటే "పోండి, జడ్జి ముందే తేల్చుకోండి" అనేస్తాను. అక్క అలా కాదు, మహా జిడ్డు. ఒకరిని ఈ గదిలో, ఒకరిని ఆ గదిలో కూర్చోబెట్టి, తన అన్నం చల్లారిపోతున్నా అటూ ఇటూ తిరుగుతూనే ఉంటుంది.

మొన్న షెక్ మాస్టర్ వచ్చాడు. బాతులు కాల్చి అమ్మే కొట్టులో, జుట్టు నెరిసేదాకా పొయ్యి దగ్గరే నిలబడ్డ మనిషి. కొట్టువాళ్ళ సంవత్సరాంతపు విందులో కోడి తల తన వైపు తిప్పి పెట్టారట. రేపట్నుంచి పనిలోకి రావద్దని దానర్థం. మా ఊళ్ళో పిల్లాణ్ణడిగినా చెబుతాడు. మాస్టర్ ముద్ద ముట్టకుండా లేచి వచ్చేశాడు. కుర్ర యజమాని కా-లోక్ మాత్రం, ఆయనే చెప్పాపెట్టకుండా మానేశాడంటాడు.

"తీసేశామని నోటితో అన్నారా?" అనడిగాను మాస్టర్ని.

"అనాలా? కోడి చెప్పిందిగా!"

నేను అక్కను బయటికి పిలిచాను. "కోడిని సాక్ష్యానికి పిలుస్తారా ఏంటి? ట్రిబ్యునల్‌కి పంపించెయ్ అక్కా."

"అక్కడ గెలిస్తే వచ్చేది డబ్బు. ఆయనకు కావాల్సింది ఆ పొయ్యి. నువ్వెళ్ళి టీ తెప్పించు."

తర్వాత కా-లోక్ గదిలోకెళ్ళి ఒక్కటే అడిగింది. "పళ్ళెం ఎవరు పెట్టారు బాబూ?"

"మా ఆవిడండీ. ఉత్తరాది పిల్ల, షాన్‌డాంగ్ నుంచి. వాళ్ళ వైపు చేప తల పెద్దవాళ్ళకేసి పెడితే గౌరవమట, కోడికీ అంతే అనుకుంది. నేను లోపల సూప్ పోసుకొచ్చేసరికి షెక్ బాబాయ్ లేడు. కోడి తల సంగతి ఇవాళ ఇక్కడికొచ్చే ముందు ఆవిడ చెబితేనే తెలిసింది."

నాకు నవ్వాగలేదు. అక్క నవ్వలేదు. వెళ్ళి ఆ సంగతి మాస్టర్‌కి చెప్పింది. ఆయన ముఖం తేలికపడుతుందనుకుంటే ఇంకా ముడుచుకుపోయింది.

"సరే, ఆ పిల్లకు తెలీదు. మరి కా-లోక్‌గాడికో? వాళ్ళ నాన్నా నేనూ కలిసి కట్టిన పొయ్యి అది. లేచి వెళ్ళిపోతే ఒక్క ఫోన్ చెయ్యలేదేం?"

ఇది తాను మోసుకెళ్ళే మాట కాదని అక్కకు అర్థమైంది. కా-లోక్‌ని రెక్క పట్టుకుని తీసుకొచ్చి ఎదురుగా నిలబెట్టింది.

"ఎవరో ఎక్కువిస్తామన్నారేమో అనుకున్నా బాబాయ్. మీరే వద్దనుకున్నాక ఏ మొహం పెట్టుకుని పిలవను?"

"వద్దని నేనన్నానా?"

"నేనన్నానా?"

అక్క ఇద్దరి ముందుకీ టీ కప్పులు జరిపింది.

మాస్టర్ కప్పులోకి చూస్తూ గొణిగాడు. "పొయ్యి దగ్గర ఎవరున్నారిప్పుడు?"

"ఎవరూ లేరు. ఇంకొకర్ని నిలబెట్టడానికి మనసొప్పలేదు. ఆ రోజు నుంచీ కొట్టు మూసే ఉంది."

మాస్టర్ దిగ్గున లేచాడు. "ఓరి వెధవా! గిరాకీ అంతా ఎదుటి కొట్టుకి పోతుంటే, ఇక్కడ కూర్చుని నాతో తగువులాడుతున్నావా? పద!"