సావుకారు ఇచ్చిన పసుపు

కోడలు లక్ష్మి నువ్వుల నూనె కాచి పసుపు వేసింది. ఆ వాసనకి నాకు ఒళ్ళు మండింది.

"కాలు సాపు మామా. పసుపుతో కీళ్ళ వాపు దిగుతాదని ఫోన్‌లో సెప్పినారు."

కొంత దిగుతుంది, కాదనను. అయితే అది ఫోన్ చెప్పాలా? సుంకమ్మక్క ఎప్పుడో చెప్పింది. పసుపు ఎక్కడ పనికిరాదో కూడా ఆమే చెప్పింది.

ఆదోనిలో ఒక జిన్నింగు మిల్లులో నేను పత్తి మూటలు మోసేవాణ్ణి. హాలహర్వి దిక్కు నుంచి వచ్చిన సుంకమ్మక్క మిషన్‌కి పత్తి అందించేది. పొద్దున నిలబడితే సైరన్ కూసేదాకా నిలబడటమే. నేను బడికి పోయినవాణ్ణి కాదు. పొట్లాల కాగితాల మీద అక్షరాలు కూడబలుక్కుంటుంటే తక్కినవాళ్ళు నవ్వేవాళ్ళు. ఆమె మాత్రం, "గట్టిగా సదువప్పా, నాకూ ఇనపడాల" అనేది. నోరు విప్పి చదవడం, నోరు విప్పి అడగడం రెండూ నాకు ఆమె నుంచే వచ్చాయి.

మోకాళ్ళు వాచి మడత పడనప్పుడు ఆమె మిల్లు సావుకారు ఎదుటికి పోయింది. "అయ్యా, ఎత్తు పీట ఒకటి ఏయించు. కూసొనే అందిస్తా, పని తగ్గదు."

సావుకారు నవ్వాడు. "కూసుంటే నిద్రొస్తాది నీకు. మా ఇంటి పసుపు పంపిస్తా, పూసుకో."

మరునాడు డబ్బాడు పసుపు వచ్చింది. గుమాస్తా దాన్ని గుడిలో ప్రసాదంలా పంచాడు. ఆడవాళ్ళు అన్నం వేళ నూనెలో కలిపి మోకాళ్ళకి రాసుకున్నారు. మణికట్లూ లాగుతుంటాయి కదా, చేతులకీ రాసుకున్నారు.

"నొప్పి మెత్తబడిందప్పా" అంది సుంకమ్మక్క. "అయితే ఏం? నిలబడేది తప్పిందా? పీట మాట మరిసిపోవాలని ఇచ్చినాడు దీన్ని."

చేతుల సంగతి ఎవరికీ తోచలేదు. తెల్లటి దూది మీద పచ్చటి వేలిముద్రలు పడ్డాయి. కొనేవాడు సరుకు తిప్పి పంపాడు. సావుకారు ఊగిపోతూ వచ్చాడు. "ఎవతిదే ఈ పసుపు చెయ్యి?"

అందరూ చేతులు కొంగుల్లో దాచుకున్నారు. సుంకమ్మక్క రెండు చేతులూ చాపింది.

"చెయ్యి నాది. పసుపు నీది. పీట ఏసింటే దూది తెల్లగానే ఉండేది గదయ్యా."

ఎవరో కిసుక్కుమన్నారు. సావుకారు ఆ నవ్వును ఓర్చుకోలేకపోయాడు. సాయంత్రానికి ఆమెను గేటు బయట పెట్టాడు. మిల్లులోకి పసుపు రాకూడదన్నాడు. పీట మాత్రం రాలేదు.

గేటు దగ్గర నా చెయ్యి పట్టుకుని, "నా కోసం అడగొద్దప్పా, పని పోతాది. పీట కోసం అడుగు" అంది. పీట కోసం అడిగినా పని పోయింది. ఎమ్మిగనూరు వచ్చి ఇంకో మిల్లులో అడిగాను. అక్కడా పోయింది.

కొన్నేళ్ళకి ఉరుకుంద జాతరలో బస్సుల పక్కన నేల మీద కూర్చుని కనిపించింది. నన్ను చూసి నవ్వింది. "ఇప్పుడు అందరూ కూసోమనేవాళ్ళేనప్పా. లేసేదే చేతకాదు." నేనూ, పక్కనున్న ఇంకొకాయనా ఆమెను బస్సులోకి మోసుకుపోయాం. మళ్ళీ చూడలేదు.

లక్ష్మి నా మోకాళ్ళకి రాసి, గిన్నెలో మిగిలింది తన కాళ్ళకి పూసుకుంటోంది. చీలమండలు ఉబ్బిపోయాయి. బట్టల కొట్లో పని. అక్కడ కుర్చీలున్నది బట్టలు కొనేవాళ్ళకే.

"మీ సావుకారుని నేనడుగుతా" అన్నాను.

"వద్దు మామా, నా పని పోతాది."

"నీ పేరెత్తను. ఆడ నిలబడేవాళ్ళందరికీ పీటలు అడుగుతా. ఇంకాస్త రాయమ్మా, పొద్దున అంత దూరం నడవాల."