టీవీలోకి వచ్చిన శని

ఎవరింట్లో అడుగుపెట్టినా ఆయన ముందు మనుషుల్ని చూడడు, గది మూలల్ని చూస్తాడు. "రండి, కూర్చోండి" అని వాళ్లంటూనే ఉంటారు. ఈయన చూపు మాత్రం కప్పు దాకా పాకి, తలుపు మీదుగా కిటికీకి దిగి, ఏ మూల నుంచి చూస్తే గదంతా కనపడుతుందో తేల్చుకుంటుంది. ఆ తర్వాతే కుర్చీ. షాపులకీ, గోడౌన్లకీ, అపార్ట్‌మెంట్లకీ సీసీ కెమెరాలు బిగించడం ఆయన వృత్తి. అందరూ ఆయన్ని నిఘా అంటారు. ఆ పేరు మొదట ఎవరు పెట్టారో ఆయనకే తెలియదు. ఊరందరి మీదా కన్నేసినవాడికి తనకు పేరు పెట్టినవాడు మాత్రం దొరకలేదు.

నిఘాకి వృత్తిలో ఒకటే సూత్రం. చీకట్లో ఉన్నది కనపడాలి. పట్టపగలు ఎదురుగా ఉన్నది ఎవడికైనా కనపడుతుంది, దానికి కెమెరా ఎందుకు? అందుకే ఏ కెమెరా బిగించినా ఆయన ముందు చేసే పని, చీకటి పడగానే అది తనంతట తానే బొమ్మలో వెలుగు పెంచుకునేలా చెయ్యడం. ఆ పని చెయ్యమని బుర్ర చెప్పక్కర్లేదు, వేళ్లే చేసేస్తాయి.

అలాంటి మనిషికి టెలిస్కోపు ఎలా తగులుకుందంటే, ఒక పెద్దమనిషి ఇల్లు ఖాళీ చేస్తూ పాత కెమెరాలు విప్పడానికి పిలిచాడు. మెట్ల కింద దుప్పటి కప్పి ఉన్న లావుపాటి గొట్టాన్ని చూపించి, "ఇది కూడా పట్టుకుపోండి బాబూ, ఎక్కడ పెట్టాలో తెలియక చస్తున్నాను" అన్నాడు. అడుగున అద్దం ఉన్న టెలిస్కోపు అది. నిఘా దాన్ని స్కూటరు మీద ఒళ్లో పిల్లాణ్ణి కూర్చోబెట్టుకున్నట్టు పెట్టుకుని ఇంటికి తెచ్చాడు.

ఇంట్లో ముగ్గురు మనుషులు. ఆయన, భార్య, అక్క. మేడ మీద రెండు గదులు, గదుల ముందు ఖాళీ డాబా. అక్క జన్మంతా బట్టలు కుట్టింది. తమ్ముణ్ణి పెంచింది కూడా ఆ కుట్టుమిషను తొక్కే. ఆయన చేత్తో పట్టుకున్న మొట్టమొదటి స్క్రూడ్రైవరు అక్క మిషను సొరుగులోదే. ఇప్పుడా మిషను మీద గుడ్డ కప్పి ఉంది. అక్క చూపు నడిమధ్యన మచ్చ పడింది. ఎడమకన్ను ముందే పోయింది, కుడికంట్లో మొదలైంది. ఇలాంటి చూపులో పక్కలు కనపడతాయి, నడుమ కనపడదు. "ఎవరైనా ఎదురుగా నిలబడితే ముక్కూ మొహం ఉండవురా, చెవులుంటాయి. ఇప్పుడు మనుషుల్ని చెవుల్ని బట్టే గుర్తుపడుతున్నా" అని అక్క నవ్వుతుంది. ఆ మాటకు నిఘా ఏనాడూ నవ్వలేకపోయాడు.

టెలిస్కోపు తెచ్చిన వారంలోనే చీకటి పడగానే దాన్ని శనిగ్రహం మీదికి తిప్పాడు. భార్య కన్ను పెట్టి చూసి, "అమ్మో! నిజంగానే ఉంగరం ఉందండీ! నేను పుస్తకాల్లో వేసే బొమ్మ అనుకున్నా" అని గంతేసింది. తర్వాత అక్క వంగింది. గొట్టంలోంచి కనపడే శని కందిగింజంత కూడా ఉండదు. అది సరిగ్గా ఆమె చూపులోని మచ్చలో పడింది. అక్క కాసేపు అలాగే వంగి ఉండి, నడుం నిలబెట్టి, "బాగుంది" అని లోపలికి వెళ్లిపోయింది. ఆమె ఏమీ చూడలేదని అక్కాతమ్ముళ్లిద్దరికీ తెలుసు.

మర్నాడు కాఫీ తాగుతూ అక్కే ఆ మాట ఎత్తింది. "ఒరేయ్, టీవీ అయితే నాకు ఓరగా చూస్తే తెలుస్తుంది. పెద్దది కదా. నీ కెమెరాలన్నీ దొంగల్ని చూపించడానికేనా? నా కుడికన్ను కాస్త పనిచేస్తుండగానే ఆ ఉంగరమేదో నాక్కూడా చూపించకూడదూ?"

అక్క నోరు తెరిచి ఏదైనా అడగడం అరుదు. అడిగాక నిఘాకి కుదురు ఉంటుందా?

ఒక పాత వెబ్‌క్యామ్ తీసుకుని ముందున్న చిన్న లెన్సు విప్పేశాడు. వైర్లు దూర్చే ప్లాస్టిక్ పైపు ముక్క ఒకటి దానికి అతికించి, కన్ను పెట్టాల్సిన చోట దూర్చాడు. కెమెరా నుంచి లాప్‌టాప్‌కి ఒక తీగ, లాప్‌టాప్ నుంచి టీవీకి ఒక తీగ. టీవీని డాబా గుమ్మం దాకా జరిపించాడు. భార్య నడుం మీద చెయ్యి వేసుకుని, "లోకంలో అందరూ శని వదిలించుకోవాలని చూస్తారు. మీరు పనిగట్టుకుని టీవీలోకి పిలుస్తున్నారు" అంది.

పిలిస్తే రావడానికి అదేమైనా చుట్టమా? మొదట తెర నల్లగా ఉంది. ఆ బుల్లి కెమెరాకి కనపడే ఆకాశం ఎంత చిన్నదంటే, గొట్టం వెంట్రుకవాసి పక్కకి జరిగినా శని కనపడకుండా పోతుంది. గొట్టం మీద గురి చూసుకునే చిన్న దుర్భిణి ఒకటుంది. దాని గురే తప్పిందని కనిపెట్టడానికి నిఘాకి కొన్ని సాయంత్రాలు పట్టింది. పగటిపూట దూరాన ఉన్న నీళ్లట్యాంకు మెట్లకి గురిపెట్టి, పెద్ద గొట్టం చూపూ దుర్భిణి చూపూ కలిపి బిగించాడు. ఆ సాయంత్రం తెర మీదికి ఏదో వెలుగు జారుకుంటూ వచ్చింది. గుండ్రంగా, పెద్దగా, మధ్యలో కన్నంతో.

"వచ్చింది! ఉంగరం! అక్కా, రా!" నిఘా కేకకి కిందింటివాళ్లు కూడా లైట్లు వేశారు.

అక్క టీవీ ముందు కూర్చుని మొహం కాస్త పక్కకి తిప్పింది. "కనపడుతోందిరా, గుండ్రంగా ఉంది. మధ్యలో కన్నం కూడా ఉంది." అంతలోనే అడిగింది. "ఆ కన్నం దానిదా, నా కంటిదా?"

"దానిదే అక్కా, దానిదే" అన్నాడు నిఘా. ఆ రాత్రి ఆయనకి సంతోషంతో నిద్ర పట్టలేదు.

పాపం, సంతోషం మర్నాటి దాకానే. అనుమానం వచ్చి గొట్టాన్ని పక్కనున్న మామూలు నక్షత్రం మీదికి తిప్పాడు. దానికీ అదే ఉంగరం, అదే కన్నం. ఇంకోదానికి తిప్పితే ఇంకోదానికీ. ఆకాశంలో కనపడ్డ ప్రతి చుక్కకీ ఉంగరం తొడిగి కూర్చున్నాడు! ఫోకస్ కుదరనప్పుడు గొట్టం నోటి దగ్గరుండే చిన్న అద్దం నీడ అలా మధ్యలో కన్నంలా పడుతుందని అప్పుడు తెలిసింది. పొరపాటు పడ్డందుకు అంత బాధ వెయ్యలేదు గానీ, అది అక్కకి చెప్పడమే కష్టమైంది.

"అక్కా, నిన్న నువ్వు చూసింది శని కాదు."

"మరేంటి?"

"ఏమీ కాదు. ఫోకస్ లేని వెలుగు. నాదే తొందర."

"పోనీలేరా. వాషరులా ఉన్నా ముచ్చటగా ఉంది" అంది అక్క. ఆమె తేలిగ్గా తీసుకోవడం ఆయనకి ఇంకా బరువైంది. ఈసారి తనకి పూర్తిగా నమ్మకం కుదిరేదాకా ఆమెని పిలవకూడదని ఒట్టు పెట్టుకున్నాడు.

ఫోకస్ మరను చివరికంటా తిప్పినా చాలలేదు. కెమెరా ఇంకా లోపలికి వెళ్లాలి. పైపు పొడుగైందని దాన్ని రంపంతో సగానికి కోశాడు. కన్నం పూడుకుపోయింది, వెలుగు దగ్గరికి ముడుచుకుంది. కానీ చివరికి తేలింది ఉంగరం కాదు, గుడ్డు. తెల్లగా, కోలగా, నున్నటి కోడిగుడ్డు. తీగ మార్చాడు, గుడ్డే. భార్యని బతిమాలి ఆమె లాప్‌టాప్ తెచ్చుకున్నాడు, గుడ్డే. అడుగునున్న అద్దం విప్పి, నీళ్లతో కడిగి, మళ్లీ బిగించాడు. శుభ్రమైన గుడ్డు వచ్చింది. లోపలి వివరం కనపడాలంటే వెలుగు పెంచాలి కదా అని పెంచాడు. గుడ్డు బలిసింది.

"ఇంకొన్నాళ్లు చూడండి, పొదిగితే పిల్ల వస్తుందేమో" అంది భార్య.

నిఘాకి నవ్వు రాలేదు. ఆ ఉదయమే అక్కని కంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లి వచ్చాడు. కుడికంటి మచ్చ పెద్దదైంది. "ఇంకా ఎన్నాళ్లు, డాక్టరుగారూ?" అని అడిగితే డాక్టరు, "చెప్పలేమండీ. ఉన్న చూపుతో చూడాలనుకున్నవి చూడనివ్వండి" అన్నాడు. దారిపొడుగునా అక్క ఏదో కబుర్లు చెబుతూనే ఉంది. ఆయన చెవికి ఒక్కటీ ఎక్కలేదు.

ఆ వారమే ఒక గోడౌను మేనేజరు నుంచి ఫోను. వెళ్లేసరికి పొద్దు వాలుతోంది, గేట్లోంచి లారీలు దీపాలు వేసుకుని వస్తున్నాయి. మేనేజరు మండిపడుతున్నాడు. "ఏం కెమెరా పెట్టారండీ? లారీ కనపడుతుంది, డ్రైవరు మీసం కనపడుతుంది, నంబరు ప్లేటు మాత్రం తెల్ల కాగితంలా ఉంటుంది. దొంగని ఆపి, నాయనా నీ నంబరెంత అని అడగమంటారా?"

ఇది నిఘాకి తెలిసిన పనే. నిచ్చెన ఎక్కి, వెలుగు తనంతట తానే పెంచుకునే ఏర్పాటు తీసేసి, చేత్తో తగ్గించడం మొదలెట్టాడు. కింద మేనేజరు ముందున్న తెరలో చీకటి ముసురుకుంది. గోడ పోయింది, గేటు పోయింది, వాచ్‌మన్ పోయాడు. నంబరు ఒక్కటే అక్షరం అక్షరం విడివిడిగా తేలింది.

"అదేంటండీ! గోడౌనే మాయమైపోయింది!"

"మీకు కావలసింది గోడౌనా, నంబరా?" అన్నాడు నిఘా విసుగ్గా.

అనేసి, నిచ్చెన మీద అలాగే నిలబడిపోయాడు. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతకడమంటే ఇదే. ఆకాశమంతా చీకటైతే కెమెరా ఏం చేస్తుంది? ఆ చీకటిని చూసి బెంగపడి వెలుగు పెంచుతూ పోతుంది. పెంచమని నేర్పింది తనే. ఆ పెంపకానికి మధ్యలో ఉన్న శని కాలిపోయి తెల్లబోతోంది. చీకట్లో ఉన్నది కనపడాలని అన్నేళ్లు పాకులాడిన మనిషికి, చీకటిని చీకటిగా వదిలెయ్యాలని తట్టనే లేదు. "దిగండి సార్, నిచ్చెన మాది" అని వాచ్‌మన్ అనేదాకా ఆయన దిగలేదు.

స్కూటరు ఇంటికెలా చేరిందో ఆయనకి గుర్తులేదు. హెల్మెట్టు తియ్యకుండానే డాబా మీదికెక్కాడు. గొట్టం తిప్పి గుడ్డుని తెర మధ్యకి తెచ్చి, వెలుగు తగ్గించడం మొదలెట్టాడు. వేళ్లు మొరాయించాయి, చీకటి ఆకాశం ముందు వెలుగు తగ్గించడం వాటికి అలవాటు లేదు మరి. బూడిదరంగు ఆకాశం నల్లబడింది. పక్కనున్న చిన్న చుక్క ఆరిపోయింది. గుడ్డు మసకబారి చిక్కింది. ఇంకొంచెం తగ్గించాడు. గుడ్డుకి రెండు పక్కలా చెవుల్లాంటివి విడివడ్డాయి. చెవులకీ ఒంటికీ మధ్య సన్నటి నల్లటి సందు తెరుచుకుంది. పొయ్యి మీది ఆవిరిలోంచి చూస్తున్నట్టు అంతా వణుకుతోంది, ఐనా ఉంది. లేతపసుపు బంతి, చుట్టూ ఉంగరం. గొట్టాన్ని ఒక నక్షత్రం మీదికి తిప్పి చూశాడు. సూదిమొనంత చుక్క, ఉంగరం లేదు. మళ్లీ శని మీదికి తిప్పాడు. ఉంగరం ఉంది. బొమ్మని టీవీ తెర నిండేలా పెద్దది చేశాడు.

ఈసారి కేక వెయ్యలేదు. లోపలికి వెళ్లి అక్క చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి కూర్చోబెట్టాడు. భార్య వచ్చి వెనక నిలబడింది, జోకులేవీ లేకుండా.

అక్క తెర వైపు చూసింది.

"మధ్యలో ఏమీ లేదురా" అంది.

నిఘా మళ్లీ ఫోకస్ పోయిందా అని తెర వైపు తిరిగాడు. బంతి నిక్షేపంగా ఉంది. అప్పుడర్థమైంది. తెర మీదున్న బంతి ఆమె మచ్చలో పడింది. ఆమె కంటికి ఉంగరం మాత్రం మిగిలింది.

"ఉండక్కా, పక్కకి జరుపుతా..."

"కదపకు" అంది అక్క.

ఆమె మొహం మెల్లగా పక్కకి తిప్పింది, అద్దంలో చెవి పోగు చూసుకునే మనిషిలా. ఆగింది. "ఇదుగో, బంతి వచ్చింది. ఇప్పుడు ఉంగరం ఒక పక్క పోయింది." మళ్లీ ఇటు తిప్పింది. "ఉంగరం వచ్చింది." అటు, ఇటు, మళ్లీ అటు. కొలత సరిచూసుకుంటున్నట్టు నిదానంగా తిప్పుతూనే ఉంది. "ఒరేయ్, మధ్యలో సందుందిరా. ఇది దాన్ని ముట్టుకోవట్లేదు. కాలరైనా మెడకి ఆనుకునే కదా నిలబడుతుంది. ఇది దేన్ని పట్టుకుని ఉంది?"

"దేన్నీ పట్టుకోలేదక్కా. చుట్టూ తిరుగుతుంటుంది, అంతే" అన్నాడు. చెబుతుంటేనే ఆయనకీ అది వింతగా తోచింది.

"అరె, మొత్తం ఎటో జారిపోతోంది చూడు."

"అది జారట్లేదు, మన భూమే తిరుగుతోంది." ఆయన డాబా మీదికి పరిగెత్తి గొట్టాన్ని చిటికెనవేలితో నెట్టి బొమ్మని మళ్లీ మధ్యకి తెచ్చాడు. కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి. భార్య చూడకుండా మోచేత్తో తుడుచుకున్నాడు. గుమ్మం దగ్గరికొచ్చి, "రెండూ ఒకేసారి కనపడేలా చెయ్యలేకపోయానే అక్కా" అన్నాడు.

అక్క తెర మీంచి మొహం తిప్పలేదు.

"ముక్కలు రెండూ చేతికొచ్చాయి కదరా" అంది. "కలిపి కుట్టుకోవడం నాకు రాదూ?"