కాలేయం మీద తెల్ల మచ్చలు

చచ్చిన ఎలుక నాకు కొత్త కాదు. మహేశ్వరం దగ్గరి మా మక్కచేలో ఎన్నిటినో తోక పట్టుకుని గట్టు అవతలికి విసిరాను. కానీ శంషాబాద్ ల్యాబ్‌లో తెల్ల చిట్టెలుకను వెల్లకిలా పరిచి, నాలుగు కాళ్లకూ సూదులు గుచ్చి, పొట్ట మీద స్పిరిట్ పోసి కత్తెర పెట్టగానే వచ్చే ఆ వెచ్చటి నీచు వాసన వేరు. గ్లౌజులు రెండు జతలు వేసుకున్నా నాతో ఇంటికొచ్చేది. అమ్మ నన్ను అన్నం వడ్డించనిచ్చేది కాదు.

"ఆ చేతులు దూరం పెట్టవే, కడుపుల దేవుతున్నది" అనేది. కోపం వచ్చేది కాదు. నాకూ దేవేది.

ఆ రోజు కొత్త మందు ఎక్కువ మోతాదులో ఇచ్చిన ఎలుకలను కోస్తున్నాం. నేను కోసి, లోపల కనపడింది కాగితం మీద రాయాలి. మూడింటి కాలేయాల మీద బియ్యపు నూకల్లాంటి తెల్ల మచ్చలున్నాయి. మా పై అధికారి సార్‌ను పిలిచాను.

"చచ్చాక వచ్చే మచ్చలేనమ్మా. నార్మల్ అని రాసేయ్" అన్నారు, గడియారం చూస్తూ.

"గిప్పుడే సచ్చినయి సార్, ఇంకా వెచ్చగనే ఉన్నయి. మూడిట్ల గట్లనే ఉన్నయి."

"నిన్ను పర్మనెంట్ చేసే కాగితం వచ్చే వారం నా దగ్గరికే వస్తుంది. రాయి."

పైన విమానం పోతుంటే కిటికీ అద్దాలు అదిరాయి. నార్మల్ అని రాశాను, మూడుసార్లు.

క్యాంటీన్‌లో ఆయన నా ఎదురుగా కూర్చుని పప్పన్నం పిసికి పిసికి మింగుతుంటే ఒళ్లంతా రోత పుట్టింది. నేనూ ముద్ద నోటిదాకా తెచ్చుకున్నాను. నా వేళ్లే నాకు కంపు కొట్టాయి. రేపు ఆ మందు ఎవరి కడుపులోకో పోతుంది. పేగులు తీసేటప్పుడు కూడా నాకంత అసహ్యం వేయలేదు. పళ్లెం తోసేసి లేచాను.

మా దగ్గర తప్పు రాస్తే చెరపకూడదు. కింది మాట చదవడానికి వీలుగా ఒకే గీత కొట్టి, పక్కన సరైనది రాసి సంతకం చేయాలి. మూడు గీతలు కొట్టాను. తెల్ల మచ్చలని రాసి, ఆ మూడు కాలేయాల ముక్కలను చెడిపోకుండా ఫార్మలిన్ సీసాల్లో వేసి మూతలు బిగించాను.

సార్ కాగితం చూసి ముఖం చిట్లించారు. "పర్మనెంట్ వద్దా నీకు?"

"కావాలె సార్" అన్నాను. అబద్ధమేం కాదు.

పర్మనెంట్ కాలేదు. ఇప్పుడు కాటేదాన్ ఫ్యాక్టరీలో బిస్కెట్లు ప్యాక్ చేస్తున్నాను. అమ్మ నా చేత్తో వడ్డిస్తే తింటుంది. ఆ కాగితం ఏదో ఫైల్లో ఉండే ఉంటుంది. తెరిచినవాళ్లకు గీత కింద నేను మొదట రాసిన మాట ఇప్పటికీ కనపడుతుంది.