సాయంత్రపు మూపురం

మా ఇంట్లో కరెంటు మనుషులు ఇద్దరు. ఒకరు కరెంటు పుట్టిస్తారు, రెండోవారు అది ఇలా పుట్టకూడదంటారు. వాళ్ళిద్దరూ మామా కోడళ్ళు కావడం మా అమ్మ చేసుకున్న పుణ్యం.

నాన్న బొగ్గు ప్లాంటులో షిఫ్ట్ ఇంజనీరు. మా వదిన ప్రాంతీయ ఇంధన, పర్యావరణ విభాగంలో విధానాలు రాసే అధికారి. పెళ్ళయి వచ్చిన కొత్తల్లో ఆమె డాబా మీద బట్టలు ఆరేయబోతూ తీగ మీద వేలు పెట్టి గీసింది. నల్లబడ్డ వేలు చూసుకుని, "ఇది రోజూ ఉంటుందా అత్తయ్యా?" అని అడిగింది.

"అది మీ మామయ్య జీతం తల్లీ. తుడిచి ఆరేసుకో," అంది అమ్మ.

తుడిచి ఆరేసుకోవడం మా అందరికీ అలవాటు. వదినకి ఆ అలవాటు అబ్బలేదు. ఆ ప్లాంటు మూయించాలని ఆ రోజే అనుకుందో, ముందే అనుకుని మా ఇంటికి కోడలిగా వచ్చిందో నాకు తెలియదు. అడిగితే నవ్వి ఊరుకుంటుంది. నేను నోరున్న ఆడపడుచుని, ఇన్నేళ్ళలో ఆమెని అనాల్సినవన్నీ అన్నాను. కానీ ఆమెని అనే హక్కు నాది. బయటివాళ్ళు ఒక్క మాటన్నా నాకు ఒళ్ళు మండుతుంది.

ఆ మంట నాకు బాగా ఎక్కిన రోజు ఒకటుంది. ప్లాంటుకి కాలం తీరింది. మరో పదేళ్ళు నడవనివ్వాలా, మూసెయ్యాలా అన్నది ప్రాంతీయ మండలి తేల్చాలి. మూసెయ్యమని రాసింది మా వదినే. జనం ముందు విచారణ పెడితే నేనూ వెళ్ళి వెనక కూర్చున్నాను. వదిన గోడ మీద ఒక గీత చూపించింది. ఈ ప్రాంతమంతా ఏ వేళకి ఎంత కరెంటు వాడుతుందో చెప్పే గీత అది. పొద్దున కొంచెం లేస్తుంది, మధ్యాహ్నం పడుకుంటుంది, సాయంత్రం అయ్యేసరికి ఎద్దు మూపురంలా పైకి లేస్తుంది. మధ్యాహ్నం మన దగ్గర ఎండ కరెంటు వాడుకోలేక వృథా అవుతోందని, కొండల మీద గాలిమరలు కూడా ఉన్నాయని, బొగ్గుతో పని లేదని చెప్పింది.

"మరి ఆ మూపురం సంగతి?" అని అడిగారు మండలి అధ్యక్షురాలు. "సూర్యుడు సాయంత్రం డ్యూటీ దిగిపోతాడు కదమ్మా."

హాలంతా నవ్వింది. నా పక్కన కూర్చున్నాయన కుర్చీ ఊగేలా నవ్వాడు. ఆయన కాలు తొక్కి, పొరపాటున తొక్కినట్టు మొహం పెట్టాను.

వదిన బ్యాటరీలు అంది. అవి ఎప్పటికి వస్తాయంటే, ఉన్నవి కొంచెమే, సరిపడా రావడానికి కొన్నేళ్ళు పడుతుందని నిజం చెప్పింది. విధానాలు రాసేవాళ్ళు అక్కడ కాస్త అబద్ధమాడాలని నాక్కూడా తెలుసు. ఆమెకి రాదు. అధ్యక్షురాలు ఫైలు మూసి, "ఒక్క సాయంత్రం," అన్నారు. "ప్లాంటు కరెంటు ముట్టుకోకుండా ఒక్క సాయంత్రం ఈ ప్రాంతాన్ని నడిపి చూపించండి. ఈ ఎండాకాలం అయ్యేలోపు. చూపిస్తే మూసేద్దాం. చూపించలేకపోతే పదేళ్ళకి సంతకం పెట్టేస్తాను, మళ్ళీ నా దగ్గరికి రాకండి."

ఇంటికొచ్చాక నాన్న అన్నం కలుపుకుంటూ అన్నారు: "ఆర్పడం ఎంతసేపు అమ్మాయ్. మీట నొక్కితే ఆరిపోతుంది. చీకటి పడ్డాక జనానికి దీపం ఎవరిస్తారో చెప్పు. నేను రోజూ సాయంత్రం ఆ మూపురాన్ని మోస్తున్నాను. అదెంత బరువో నాకు తెలుసు."

"అందులో ఏముందో మీకు తెలుసా మామయ్యా?" అంది వదిన.

"ఏముంటుంది, జనం ఇళ్ళకొస్తారు, లైట్లేస్తారు, పొయ్యిలేస్తారు."

"అన్నీ లెక్కేసి చూశాను. ఇళ్ళు, కొట్లు, వీధి దీపాలు అన్నీ కలిపినా అంత ఎత్తు రావట్లేదు. ఇంకెవరో లాగుతున్నారు."

నాన్న తల ఊపి మజ్జిగ పోసుకున్నారు. ఆయనకి మూపురం బరువు తెలుసు గాని, అందులో ఏముందన్నది ఎప్పుడూ పట్టలేదు. ప్లాంటులో వాళ్ళ పని అడిగినంత ఇవ్వడం. అడిగేదెవరన్నది వాళ్ళ పని కాదు.

ఆ 'ఇంకెవరో' కోసం వదిన తిరగని చోటు లేదు. ఐస్ ఫ్యాక్టరీకి వెళ్ళింది, బేకరీలకి వెళ్ళింది, సినిమా హాళ్ళకి వెళ్ళింది. ఒకసారి నన్ను కూడా బట్టల మిల్లుకి లాక్కెళ్ళింది. అది ఎప్పుడో మూతపడి గోడౌను అయిపోయింది. చెప్పులరిగినంత లాభం కూడా రాలేదు.

చివరికి దొరికింది ఎక్కడో తెలుసా? వాళ్ళ ఆఫీసు మెట్ల మీద. వదిన వాళ్ళది మూడో అంతస్తు. నాలుగో అంతస్తులో నీటి సరఫరా విభాగం. ఒక సాయంత్రం లిఫ్టు పనిచేయక ఆమె మెట్లు దిగుతుంటే, పై నుంచి నీటి విభాగం పెద్ద ఇంజనీరు ఫోన్‌లో కేకలేస్తూ దిగుతున్నారు. ఆయన్ని అందరూ ట్యాంకుల పెద్దాయన అంటారు. "ఆరయింది, మోటార్లు వెయ్యండి. అన్ని ఊళ్ళవీ వెయ్యండి," అంటున్నారు.

వదిన మెట్టు మీదే ఆగిపోయింది. "ఏం మోటార్లండీ?"

"ఏటి నుంచి ట్యాంకులకి నీళ్ళు తోడేవి మేడమ్. రోజూ ఇదే టైము."

"సాయంత్రమే ఎందుకు?"

ఆయన ఆమెని వింతగా చూశారు. "మీ వాళ్ళు చెప్పారు కాబట్టి. నేను ఉద్యోగంలో చేరినప్పటి మాట. అప్పట్లో పగలంతా మిల్లులు నడిచేవి. సాయంత్రం అవి కట్టేస్తే కరెంటు మిగిలిపోతోంది, అప్పుడు తోడుకోండయ్యా అని మీ విభాగమే చెప్పింది. అప్పట్నుంచీ అలాగే తోడుతున్నాం."

"మిల్లులు మూసేశాక టైము మార్చమని ఎవరూ చెప్పలేదా?"

"ఎవరూ అడగలేదు. మీరు మూడో అంతస్తు, మేము నాలుగో అంతస్తు."

చంకలో పిల్లని పెట్టుకుని ఊరంతా వెతికినట్టయింది. వదిన ఇంటికొచ్చి ఈ మాట చెబుతూ సోఫాలో పడి పడి నవ్వింది. తర్వాత ఆ నవ్వులోనే కాస్త ఏడ్చింది. మూపురాన్ని పెంచి పోషించింది వాళ్ళ ఆఫీసే, దాన్ని తగ్గించడానికి బ్యాటరీలు కావాలన్నదీ వాళ్ళ ఆఫీసే. అందరూ కరెంటు దాచుకునే చోటు కోసం చూస్తున్నారు. ఊరికో ట్యాంకు ఆకాశంలో నిలబడే ఉంది. మధ్యాహ్నం వృథా అయ్యే ఎండ కరెంటుతో నీళ్ళు పైకెక్కిస్తే, సాయంత్రం మోటార్ల జోలికే పోనక్కర్లేదు.

పెద్దాయన మాత్రం అంత తేలిగ్గా ఒప్పుకోలేదు. "కుళాయిలో నీళ్ళు రాకపోతే జనం తన్నేది నన్ను మేడమ్, మిమ్మల్ని కాదు," అన్నారు. మధ్యాహ్నం నింపింది సాయంత్రానికి సగం ఖర్చయిపోతే తెల్లారి ఏం చెయ్యాలన్నది ఆయన బాధ. అది న్యాయమైన బాధే. కొండగాలి తెల్లవారుజామున బాగా వీస్తుంది కాబట్టి తక్కువ పడ్డ నీళ్ళు అప్పుడు తోడొచ్చని వదిన చూపించింది. ఆయన గొణుక్కుంటూనే, ముందు ఒక్క ఊళ్ళో చేసి చూద్దామన్నారు.

ఆ ఊళ్ళో ఏం జరిగిందో చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. మోటార్ల టైము మార్చారు. అన్నీ మార్చారు. ట్యాంకు నిండగానే వాల్వు కట్టే మనిషి డ్యూటీ మార్చడం మాత్రం ఇద్దరిలో ఒక్కరికీ తోచలేదు. అతను ఎప్పటిలాగే సాయంత్రం వచ్చాడు. అప్పటికి మిట్టమధ్యాహ్నం నుంచీ ట్యాంకు పొంగి పొర్లుతోంది. బజారు వీధి ఏరయింది. కూరల కొట్టు ముందు నుంచి వంకాయలు బస్టాండు దాకా ఈదుకుంటూ వెళ్ళాయట. కరెంటు వాళ్ళది కరెంటు గోల, నీళ్ళ వాళ్ళది నీళ్ళ గోల, మధ్యలో మనిషి ఒకడున్నాడని రెండు విభాగాలూ మరిచిపోయాయి.

నాన్న ఆ వార్త విని చాలాసేపు నవ్వారు. "పొగ ఆపుతావనుకున్నాను. వరద తెస్తావనుకోలేదు అమ్మాయ్."

"నవ్వండి మామయ్యా, నవ్వండి," అంది వదిన. మర్నాడు ఆ ఊరెళ్ళి కూరల కొట్టు ఆమె దగ్గర చీవాట్లు తిని, పెద్దాయనతో కలిసి ప్రతి ఊళ్ళోనూ వాల్వు కట్టేవాళ్ళని కూర్చోబెట్టి మాట్లాడింది. డ్యూటీ పగటికి మారుస్తామంటే వాళ్ళు గొడవ చేస్తారనుకుంది. వాళ్ళు ఎగిరి గంతేశారు. ఇన్నేళ్ళూ సాయంత్రం పూట పిల్లల మొహం చూడని మనుషులు వాళ్ళు. ఒకాయన, "ఈ మాట పదేళ్ళ ముందు చెప్పలేకపోయారా?" అని అడిగాడు.

ఊరు తర్వాత ఊరు మారుతూ వచ్చింది. ఎండాకాలం చివరికొచ్చేసరికి అన్ని ఊళ్ళూ మారాయి. అధ్యక్షురాలికి కబురు వెళ్ళింది. పరీక్ష సాయంత్రం ఖాయమైంది.

ప్రాంతమంతటికీ కరెంటు పంచే కంట్రోల్ రూమ్‌లో పరీక్ష. చూడ్డానికి జనాన్ని రానిచ్చారు. అమ్మా నేనూ వెనక వరసలో కూర్చున్నాం. నాన్న రాలేదు. ఆయన డ్యూటీలో ఉన్నారు. ప్లాంటు కరెంటు ఇవ్వకూడదు గాని, పొయ్యి సన్నగా మండుతూ సిద్ధంగా ఉండాలి. తెర మీద గీత, బొగ్గు లేకుండా మోయగల హద్దుగా పెట్టిన ఎర్ర గుర్తు దాటితే ఇక్కడి నుంచి నాన్నకి ఫోన్ వెళుతుంది, ఆయన మంట పెంచుతారు. ఫోన్ వెళ్ళిందంటే వదిన ఓడినట్టు. ఆమెని ఓడించే ఫోన్ ఎత్తాల్సింది మా నాన్నే. ఇద్దరూ ఆ పొద్దున ఒకే బల్ల దగ్గర టిఫిన్ తిని వెళ్ళారు. ఆయన గొడుగు తీసుకెళ్ళమన్నారు, ఆమె బీపీ మాత్ర వేసుకున్నారా అని అడిగింది.

పొద్దు వాలింది. ఎండ కరెంటు తగ్గుతూ వచ్చి ఆగిపోయింది. గీత లేవడం మొదలుపెట్టింది. ఇళ్ళు, కొట్లు, వీధి దీపాలు. పెద్దాయన కుర్చీలో కూర్చోలేక గోడకి ఆనుకుని నిలబడ్డారు. అంతలో కొండల మీద గాలి తగ్గిందని కంట్రోల్ రూమ్ ఆపరేటరు చెప్పాడు. ఉన్న కొద్దిపాటి బ్యాటరీలనీ వాడమంది వదిన. గీత ఇంకా లేస్తోంది. ఆపరేటరు చెయ్యి ఫోన్ మీదకి వెళ్ళింది.

"ఆ గీతని కాస్త ఆగమనవే," అంది అమ్మ నా చెయ్యి నలిపేస్తూ. మొగుడి ప్లాంటు నిలవాలో, కోడలి మాట నిలవాలో తేల్చుకోలేక పొద్దున్నుంచీ మింగలేక కక్కలేక ఉన్న మనిషి, ఆ ఒక్క మాటతో ఎటువైపో తేల్చేసింది.

ఎర్ర గుర్తుకి కాస్త కింద దాకా వచ్చి గీత నిలబడింది. అక్కడే కాసేపు వణికింది. ఇళ్ళల్లో వంటలయ్యాయి, కొట్లు కట్టేశారు. గీత మెల్లగా వంగి దిగడం మొదలుపెట్టింది. రోజూ మూపురం లేచే చోట చిన్న దిబ్బ మాత్రం కనిపించింది. ఎక్కడా ఒక్క దీపం ఆరలేదు.

గది అదిరిపోయేలా చప్పట్లు మోగాయి. పెద్దాయన ముక్కూ మొహం తెలియని ఆపరేటరుని కౌగిలించుకున్నారు. నేను వదిన దగ్గరికి పరిగెత్తాను. నాకు పట్టరానంత గర్వంగా ఉంది, ఆ మాట ఆమె చెవిలో గట్టిగా చెప్పాను కూడా. అధ్యక్షురాలు లేచి నిలబడి, "పదేళ్ళ సంతకం ఇక లేదు," అని అందరికీ వినపడేలా చెప్పారు. ప్లాంటు మనుషులందరికీ పంపు హౌసుల్లో, సబ్‌స్టేషన్లలో పని ఇవ్వాలన్నది వదిన తన విధానంలో మొదటి పేజీలోనే రాసింది. దానికీ అప్పుడే సరేనన్నారు.

ఆ సందడిలో ఫోన్ మోగింది. అందరూ దాని వైపు తిరిగారు. ఆపరేటరు భయపడుతూ స్పీకరు నొక్కాడు.

"ప్లాంటు నుంచి మాట్లాడుతున్నాను," అన్నారు నాన్న. "ఇంతసేపూ మీ ఫోన్ రాలేదు. లైను పనిచేస్తోందా లేదా అని చేశాను."

"పనిచేస్తోంది మామయ్యా," అంది వదిన. "మీతో అవసరం రాలేదు."

అవతల నుంచి బాయిలరు హోరు సన్నగా వస్తోంది. నేను పుట్టకముందు నుంచీ ప్రతి సాయంత్రం ఆ హోరు మధ్య నిలబడ్డ మనిషి ఆయన.

"మరి పొయ్యి మండుతూనే ఉంది," అన్నారు నాన్న. "ఆర్పెయ్యమంటారా, ఉంచమంటారా? అక్కడున్నవాళ్ళెవరైనా చెప్పాలి."

అధ్యక్షురాలు వదిన వైపు చూసి, మీరే చెప్పండన్నట్టు చెయ్యి చూపించారు. ఎంతమంది ఎదుటైనా తడుముకోకుండా మాట్లాడే మా వదిన నా వైపు చూసింది. మంచినీళ్ళు అందించాను. తాగకుండానే గ్లాసు పట్టుకుని నిలబడింది.

"ఆర్పెయ్యండి మామయ్యా," అంది.

"అలాగే మేడమ్," అన్నారు నాన్న.

ఆ మాట గదిలో అందరూ విన్నారు. స్పీకరు పెట్టి ఉందని ఆయనకి తెలుసు.