గెట్ పాఠం, రక్తం బండి

ఇంగ్లిష్‌లో గెట్ అనే క్రియను పుట్టించినవాడు దొరికితే నిలదీసి అడగాలని ఉంది. దొరకడం, చేరడం, అర్థం కావడం, ఒళ్లు మండడం, జబ్బు పడడం, ఒకరిచేత పని చేయించుకోవడం, అన్నిటికీ అదొక్కటే. రోజూ పొద్దున్నే కవిటిలో మా వరండాలో ఫోన్ ముందు కూర్చుని, స్పానిష్ మాట్లాడేవాళ్లకు ఇంగ్లిష్ చెబుతుంటాను. వాళ్ల భాషలో వీటికి వేరే వేరే మాటలున్నాయి, మనకున్నట్టే. అందుకే గెట్ వచ్చిన రోజు పాఠం ముందుకు కదలదు.

ఆ రోజు శిష్యురాలు మధ్య అమెరికాలో చెరకు పండే పల్లెకు చెందిన నర్సు. చేయించుకోవడం అనే అర్థం ఆమెకు ఎంతకీ ఎక్కడం లేదు. నేనప్పటికే చిరాగ్గా ఉన్నాను. కాసేపట్లో బడి దగ్గరికి, ఊరూరా కిడ్నీ జబ్బు కనిపెట్టే రక్తపరీక్షల బండి వస్తుంది. అది వచ్చినప్పుడల్లా మా వీధి మగాళ్లంతా జీడితోటల్లోకి మాయమైపోతారు. అందరికంటే ముందుండేది మా బావ, అంటే నన్ను కట్టుకున్న మేనత్త కొడుకు. సొంత అన్నకు కిడ్నీలు పోయి పలాసలో డయాలసిస్ జరుగుతున్నా సరే, "బోరు నీళ్లు మానేసి కొన్న టిన్ను నీళ్లే తాగుతన్నాం కదా, నాకేటవుద్ది?" అంటాడు. కాళ్లు ఉబ్బితే చెప్పులు ఇరుకయ్యాయంటాడు. ఇతనితో వేగలేక చస్తున్నాను.

ఆ విసుగులో ఉదాహరణ కూడా అదే చెప్పాను: మా ఆయన రక్తపరీక్ష చేయించుకోడు, తోటలోకి పారిపోతాడు.

ఆమె నవ్వలేదు. తమ ఊళ్లోనూ ఇదే జబ్బని, పరీక్షలకు మనుషులొస్తే మగవాళ్లు చెరకుతోటల్లో దాక్కుంటారని చెప్పింది. తన అన్నలిద్దరూ అలాగే దాక్కున్నారట. పెద్దన్న పోయాడట.

బావ అప్పటికే తోటకి పోవడానికి కత్తి పట్టుకుని గుమ్మంలోకి వచ్చాడు. నా మొహం చూసి ఆగాడు.

"ఏటంటంది ఆవిడ?"

మొహం మీద కొట్టినట్టే మొత్తం చెప్పాను.

"మరి రెండోవోడు ఏటయ్యాడు?"

ఆమెనడిగాను. అన్నను పూడ్చిన మర్నాడే వెళ్లి పరీక్ష చేయించుకున్నాడట. మందులు వాడుతూ బతికే ఉన్నాడట.

బావ కత్తి గోడకు ఆనించాడు.

"ఒక్కడినీ ఎల్లలేనే. భయమేత్తంది. నువ్వూ రా."

ఇన్నేళ్లూ పొగరనుకుని రోజూ తిట్టాను. ఇప్పుడు కోపం, ఏడుపు రెండూ కలిసి వచ్చాయి.

"ఈ మాట ముందే సెప్పొచ్చు కదా బావా" అని అరిచి, ఫోన్ కట్టేసి చెప్పులేసుకున్నాను.