గోడ దగ్గర సున్నా అనుకున్నాను

అవకాశాలన్నీ కూడితే ఒకటి దాటింది. మధ్యాహ్నం చిన్నవాడికి అన్నం పెడుతూ, ఎడమ చేత్తో కాగితాలు తిప్పుతూ చివరిసారి సరిచూసుకుంటున్న లెక్క అది. ఎలక్ట్రాన్ ఎక్కడెక్కడ ఉండవచ్చో ఆ అవకాశాలన్నీ కలిపితే సరిగ్గా ఒకటి రావాలి. మించిందంటే లెక్కలో ఎక్కడో తప్పుంది. ముద్ద చేతిలోనే ఉండిపోయింది.

సోమవారం థీసిస్ ఇవ్వాలి. క్వాంటం మెకానిక్స్‌లో ఆరేళ్ల పని. పాత నోట్సు తీస్తే తప్పు దొరికింది. ఎలక్ట్రాన్‌ని బంధించిన పెట్టె గోడ దగ్గర, సమీకరణంలో ఒక పదం సున్నా అవుతుందనుకుని, రుజువు చూడకుండానే కొట్టేశాను. చిన్నవాడు పుట్టిన నెలలో రాసిన పేజీ. అప్పట్లో ఏది నిద్రో ఏది మెలకువో నాకు తెలిసేది కాదు.

వంటింట్లో అత్త చేపలు కోస్తోంది. మా ఆయనవి స్టీల్ ప్లాంటు షిఫ్టులు. అందుకని రెండేళ్లుగా ఫిషింగ్ హార్బర్‌లో తన చేపల బేరం మానుకుని పిల్లల్ని ఆవిడే చూస్తోంది. సోమవారం దాటాక మళ్లీ వెళ్తానని వీధంతా చెప్పుకుంది.

"ఏటే, మొకం అలాగైపోనాది?"

"లెక్క తప్పింది అత్తా. సరిచేయాలంటే ఇంకో ఏడాది పడుతుంది."

కత్తి ఆగింది. "మీ సారు సూసినారు గదా?"

"చూసి సంతకం పెట్టేశారు. ఆయనకీ కనబడలేదు."

"మరింకేటి, ఇచ్చీ. నానెవులికీ సెప్పన్లే." ఇంకో చేప అందుకుంటూ అంది. "నా జాగాలో ఆ యారాడ ఊరిది కూకున్నాదంట. ఇంకో ఏడైతే నన్ను కొత్త కోడల్ని సూసినట్టు సూత్తారు."

నా సూత్రం ఆధారంగా విభాగంలో మరో అమ్మాయి పరిశోధన మొదలుపెట్టింది. నేను మాట్లాడకపోతే ఆమె ఏళ్లూ పోతాయి. సాయంత్రం గైడ్‌కి ఫోన్ చేసి పేజీ నంబరు చెప్పాను. కాగితాల చప్పుడు వినిపించింది. "నేనూ చూడలేదమ్మా. సోమవారం ఇవ్వొద్దు, సరిచేద్దాం" అన్నారు.

మనసు తేలికపడలేదు. ఒళ్లు నొప్పులు మాత్రం తెలిశాయి. థీసిస్ ఇవ్వడం లేదని చెబితే అత్త పిల్లలకి చేప ముళ్లు తీసి పెడుతూ ఉండిపోయింది. ఇంకో ఏడాది ఉండమని అడగడానికి నాకు నోరు రాలేదు.

పొద్దున్న పిల్లలకి పాలు ఇస్తూ చెప్పాను: "సోమవారం నుంచి నానమ్మ హార్బర్‌కి వెళ్తుంది. పగలు మీ దగ్గర నేనే ఉంటాను. అమ్మ ఒక లెక్క తప్పు చేసింది, మీరు పడుకున్నాక దిద్దుకోవాలి. అందుకని పేచీ పెట్టకుండా పడుకోండి."