పెళ్లి హాల్లో మా రోబో

అప్పుడు మేం తొమ్మిదో తరగతి. ఉప్పుగూడలోని మా బడి తరఫున రోబోల పోటీకి ముగ్గురం వెళ్లాం. బార్కస్ నుంచి వచ్చే అమ్మాయి ప్రోగ్రాం రాసింది. పాల వ్యాపారం చేసే ఇంటి అబ్బాయి చక్రాలు, మోటార్లు బిగించాడు. నాకు ఈ రెండు పనులూ రావు. ఇంగ్లిష్‌లో తడుముకోకుండా మాట్లాడతానని మా ఫిజిక్స్ సారు నన్ను కెప్టెన్‌ను చేశారు.

రోబో అంటే చేతులూ కాళ్లూ ఉన్నదేమీ కాదు. సబ్బుపెట్టెకు చక్రాలు వచ్చినట్టు ఉండే చిన్న బండి. తెల్లటి షీటు మీది నల్లగీతను అడుగున ఉన్న సెన్సర్లతో చూసుకుంటూ పోవాలి, అంతే. బడిలో అది గీత తప్పేది కాదు. క్లాసు మొత్తంలో బుద్ధిగా నడిచేది అదొక్కటేనని సారు అనేవారు.

పోటీ జరగాల్సిన కాలేజీలో ఏవో పరీక్షలు పడ్డాయట. నిర్వాహకులు బహదూర్‌పురాలో ఒక ఫంక్షన్ హాలు మాట్లాడారు. సాయంత్రం అక్కడ పెళ్లి. వేదిక మీద వధూవరులు కూర్చునే ఎర్ర మఖ్మల్ సింహాసనాలు అప్పటికే వేసి ఉన్నాయి. వేరే కుర్చీలు తెచ్చే తీరిక ఎవరికీ లేక ఇద్దరు జడ్జీలనూ వాటిలోనే కూర్చోబెట్టారు. పెద్దమనుషులిద్దరూ ఒకరి వైపు ఒకరు చూసుకోకుండా కూర్చున్నారు.

మా వంతు వచ్చింది. నేను మైకు అందుకొని మానవాళి గురించీ రేపటి ప్రపంచం గురించీ మొదలుపెట్టాను. అమ్మాయి బండిని గీత మీద పెట్టి స్విచ్ నొక్కింది. సరిగ్గా అప్పుడే డెకరేషన్ వాళ్లు లైట్లు వేసి చూసుకున్నారు. ఆకుపచ్చ, గులాబీ, ఊదా. రేపటి ప్రపంచం ఉన్నచోటే గిరగిరా తిరిగింది.

"అరే భాయ్, లైట్ బంద్ కరో!" అని అమ్మాయి అరిచింది.

నిచ్చెన మీదున్నాయన కిందికి చూశాడు. "ఎట్ల బంద్ చెయ్యాలమ్మా? పెండ్లోల్లు చూడనీకి వచ్చిన్రు. మీ బొమ్మబండినే జర ఆపుకోండ్రి."

ఒక జడ్జి ఇంకో అవకాశం ఇచ్చారు కానీ, వెలుతురు అందరికీ ఒకటేనన్నారు. మా ముందు ఆడినవాళ్లకు ఆ రంగులు లేవు. ఆ మాట అనడానికి లేచిన మా సారు, జడ్జి తన కాలేజీలో సీనియరని గుర్తుపట్టి, నమస్కారం పెట్టి కూర్చున్నారు.

అమ్మాయి బండి పక్కన మోకాళ్ల మీద కూర్చుంది. "సెన్సర్ల మీద లైటు పడుతున్నది. చుట్టూ పరదా కట్టాలె. నల్లది." చుట్టూ వెతికిన ఆమె చూపు మా అబ్బాయి కాళ్ల దగ్గర ఆగింది. "నీ మోజా విప్పు."

"ఏంది?"

"మోజా రా! జల్దీ!"

"నిన్నగూడ గిదే ఏసుకున్న."

"ఫికర్ లేదు. సెన్సర్‌కు ముక్కు లేదు."

యూనిఫాం మేజోడును కత్తిరించి బండి అడుగున చుట్టూ అతికించింది. అన్ని రంగుల మధ్యా మా బండి తలవంచుకుని గీత చివరిదాకా పోయింది. జడ్జి దగ్గరికొచ్చి, వంగి, వెంటనే నిటారుగా నిలబడ్డారు.

"ఏమిటిది?"

నాతో పని ఇప్పుడు పడింది. "లైట్ షీల్డ్ సర్. రీసైకిల్డ్ కాటన్."

ఆయన మెచ్చుకోలుగా తల ఊపారు. మొదటి మూడు స్థానాల్లో మేం లేం. పర్యావరణహిత రూపకల్పనకని ప్రత్యేక బహుమతి మాత్రం మాకే ఇచ్చారు. సారు ఫొటోలో అందరికన్నా ముందు నిలబడ్డారు.

బహుమతి షీల్డు చేతికొచ్చినా అమ్మాయి ముఖం విప్పారలేదు. "ఇన్ని దినాలు కూసొని కోడ్ రాసిన. ఒక్కరు గూడ అడగలే."

"నా మోజాకు ప్రైజొచ్చింది, నేనేమన్న ఖుష్‌గున్ననా?" అన్నాడు అబ్బాయి, ఉత్తకాలు బూటులో దూర్చుకుంటూ.

ఆమె మొదటి బహుమతి గెలిచిన జట్టు దగ్గరికి పోయి, ప్రోగ్రాం చూపించమని అడిగింది. వాళ్లతో పాటు నేల మీదే కూర్చుంది. పనివాళ్లు తివాచీ పరుస్తూ వచ్చి, వాళ్ల చుట్టూ తిప్పి పరిచారు. మేం బయట బిర్యానీ వాసన పీలుస్తూ నిలబడ్డాం. సారు కేకలేయగా వేయగా అమ్మాయి వచ్చింది.

"ఆళ్లది మనకన్న మస్తుగున్నది," అంది. ఆ రోజు ఆమె నవ్వడం అదే మొదటిసారి.